నైరుతి మూల మట్టిదిబ్బ

నేను న్యూజెర్సీలో ఒక టౌన్‌షిప్‌కి డ్రైనేజీ ఇంజనీరుని. బర్త్‌డే పార్టీల్లో ఈ మాట చెప్పినప్పుడు మన తెలుగువాళ్ళు ముఖం ఎలా పెడతారో చూడాలి. "ఓహో, సివిలా?" అని జాలిగా అడిగి పకోడీల ప్లేటు నా వైపు జరుపుతారు. బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చిన రోజు మాత్రం అందరికీ నా నంబరు గుర్తొస్తుంది. "అనురాధ గారూ, ఒక్కసారి వచ్చి చూసి వెళ్దురూ, టీ తాగినట్టూ ఉంటుంది" అంటారు. టీ బాగానే ఇస్తారు, అది కాదనను.

మా ఊళ్ళో భూమి కింద పైపులన్నీ పాతకాలం వానల లెక్కకి వేసినవి. అప్పట్లో వాన పొద్దున మొదలై చీకటిపడేదాకా మర్యాదగా కురిసేదట. ఇప్పుడు రోజంతా కురవాల్సింది ఒక్క మధ్యాహ్నం కుమ్మరించి పోతోంది. దానికి సరిపడా పైపులు వేయాలంటే ఊరంతా తవ్వి పోయాలి, అది అయ్యే పని కాదు. అందుకని నీళ్ళని తరమడం మానేసి వాటికి కాస్త చోటివ్వడం మొదలుపెట్టాం. పార్కులో బేస్‌బాల్ గ్రౌండుని లోతు చేశాం, పెద్ద వాన పడితే అది ఒకటి రెండు రోజులు చెరువైపోతుంది. పిల్లల ఆట పోయిందని తల్లిదండ్రులు నన్ను మీటింగులో నిలబెట్టి దులిపేశారు. సరే, అదంతా ఉద్యోగంలో భాగం.

గ్రౌండు తర్వాత స్వేళ్ళ పని పెట్టుకున్నాం. స్వేల్ అంటే గొప్ప కట్టడమేమీ కాదు. ఇళ్ళ పెరళ్ళ వెనక గడ్డి కప్పిన వెడల్పాటి పల్లం, అంతే. చూస్తే కాలువని కూడా అనిపించదు. కానీ నాలుగైదు ఇళ్ళ వాన నీళ్ళు దాని వెంటే నడిచి వాగులో కలుస్తాయి. స్థలం ఇంటివాళ్ళదైనా, నీళ్ళు పోయే హక్కు ఊరిది. జనం అందులో ఉయ్యాలలు పాతుతారు, షెడ్లు వేస్తారు, కంచెలు కడతారు. వాటన్నిటినీ తీయించడం నా పని. ఇంతకన్నా మంచి పేరు తెచ్చుకునే మార్గాలు చాలా ఉన్నాయని నాకూ తెలుసు.

జూలైలో విల్లో లేన్ వంతు వచ్చింది. ఆ వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. జగన్మోహన్ గారింటి పెరట్లోకి వెళ్ళి చూస్తే స్వేల్ ఉండాల్సిన చోట నా నడుమెత్తున మట్టిదిబ్బ ఉంది. చుట్టూ రాళ్ళు పేర్చి, మీద మందార మొక్కలు పెట్టి ముచ్చటగా చేశారు. ఎగువ ఇళ్ళ నీళ్ళన్నీ దాని దాకా వచ్చి, దారిలేక, పక్కింటి పెరట్లోకి మళ్ళుతున్నాయి. గడ్డి మీద ఒండ్రు చారలు చూస్తేనే తెలిసిపోయింది. ఆ పక్కిల్లు సత్యం గారిది.

"ఇదేంటండీ?" అని అడిగాను.

"లాండ్‌స్కేపింగ్ అండీ" అన్నారు జగన్మోహన్ గారు. ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మేనేజరు. తెలిసినవాళ్ళు ఎవరు ఇల్లు కొనబోయినా ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని వెంట వెళ్ళే మనిషి.

ఇంతలో ఆయన భార్య జయంతి టీ పట్టుకొచ్చింది. కీమోకి రాలిన జుట్టు అప్పటికి చెవుల దాకా పెరిగింది. ఆమెకి రొమ్ము కేన్సర్ వచ్చిన సంగతి ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ రోజుల్లో వంతులేసుకుని వాళ్ళింటికి భోజనం పంపాం. నా వంతు వచ్చినప్పుడల్లా బీరకాయ పచ్చడే కావాలని అడిగేది.

"మందారాలు ఎంత పూశాయో చూశారా అనురాధ గారూ? ఈయనకి ఉన్నట్టుండి తోటపని పిచ్చి పట్టుకుంది. పెళ్ళయ్యాక ఒక్కనాడు కరివేపాకు మొక్కకి నీళ్ళు పోసిన పాపాన పోలేదు. ఇప్పుడు వీటికి ఎరువు, దాణా, జోలపాట!" అంది.

"దాణా ఆవులకి వేస్తారే" అన్నారాయన.

"మీరు పాలు కూడా పితుకుతారేమో అని" అంటూ లోపలికి వెళ్ళింది. ఆమె తలుపు వేసుకునేదాకా ఆయన నవ్వు ముఖం అలాగే ఉంచి, తర్వాత నా వైపు తిరిగారు.

"ఈ దిబ్బ తీయమనకండి అనురాధ గారూ. మీకు దణ్ణం పెడతాను."

"నేను అనడం కాదండీ, నీళ్ళు అంటున్నాయి. సత్యం గారి పెరడు చూశారా?"

"చూశాను. చెప్తాను వినండి. జయంతికి జబ్బు బయటపడే ముందు మీ టౌన్‌షిప్ వాళ్ళే వచ్చి ఈ పల్లం లోతు చేసి పోయారు. కొద్ది రోజులకే రిపోర్ట్ వచ్చింది. నాకు దిక్కు తోచలేదు. గుంటూరులో వాస్తు చూసే ఒకాయన ఉన్నారంటే వాట్సాప్ వీడియో పెట్టి, ఫోన్ పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాను. ఈ మూలకి రాగానే ఆయన 'ఆగండి' అన్నారు. దక్షిణ నైరుతిలో పల్లం, ఇంటి ఇల్లాలికి గండం అన్నారు. నేను ఇంకేమీ అడగలేదండీ. ఆ వీకెండ్ మట్టి దింపించాను. అక్కణ్ణుంచి మందు పట్టడం మొదలైంది."

"కీమో పనిచేసిందండీ."

"చేసింది, కాదనను. రెండూ ఒకేసారి మొదలుపెట్టాం. ఏది పనిచేసిందో నాకెలా తెలుస్తుంది చెప్పండి? ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుకలో, నడుస్తున్న ప్రోగ్రాముని ముట్టుకోకూడదని మా దగ్గర రూల్. ఎందుకు నడుస్తోందో తెలియకపోతే అసలు ముట్టుకోకూడదు."

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. మా ఇంటి ఈశాన్యంలో చెత్త డబ్బాలు ఉంటాయి, ఇంతవరకూ అవి నన్నేమీ అనలేదు. ఇంకెవరైనా ఈ కబురు చెప్పి ఉంటే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. కానీ వాళ్ళ కీమో రోజులు నేనూ చూశాను.

"జయంతి గారికి తెలుసా?"

"తెలీదు. చెబితే నవ్వుతుంది, లేకపోతే భయపడుతుంది. రెండూ నేను చూడలేను. మీరూ చెప్పకండి."

"చెప్పను. కానీ మట్టి మాత్రం తీయాలి జగన్మోహన్ గారూ. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. నిజం సంగతి నాకు తెలీదు, నీళ్ళ సంగతి తెలుసు. మీరు ఇక్కడ ఆపితే అవి ఇంకొకళ్ళ ఇంట్లోకి పోతాయి."

"మీరు తెలుగువాళ్ళై ఉండి ఇలా మాట్లాడితే ఎలాగండీ?" అన్నారు. నీళ్ళకి ఏ భాషా రాదండీ అందామనుకుని ఊరుకున్నాను. ఆఫీసుకి వెళ్ళి నోటీసు పంపాను. ఆయన అప్పీలు చేసుకున్నారు. హియరింగ్ అక్టోబరుకి పడింది.

పక్కింటి సత్యం గారు మాత్రం కిక్కురుమనలేదు. పెరడు బురదవుతున్నా, బేస్‌మెంట్ మెట్ల గుంటలోకి నీళ్ళు దిగుతున్నా ఒక్క కంప్లయింటు లేదు. ఇదేం సహనమో అని వెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. బేస్‌మెంట్ అద్దెకిచ్చాడు మహానుభావుడు, పర్మిట్ లేకుండా. పైకి వచ్చే లోపలి మెట్లకి అడ్డంగా గోడ కట్టించేశాడు, ఎవరి ప్రైవసీ వాళ్ళకి ఉండాలని. ఇక ఆ గదిలోకి రావాలన్నా పోవాలన్నా పెరటి వైపు కిందికి దిగే సిమెంటు మెట్లే దారి. కిటికీలు పైన, పిల్లి దూరేంత ఉన్నాయి.

అందులో ఉండేది దేదీప్య. కరీంనగర్ పిల్ల, మాస్టర్స్ చదవడానికి వచ్చింది. నేను వెళ్ళేసరికి మెట్ల మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది.

"నీళ్ళొచ్చాయామ్మా?"

"లేదాంటీ, నేనే బట్టలు ఉతికిన" అంది. తువ్వాళ్ళన్నీ బురద రంగులో ఉన్నాయి. ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి, గొంతు తగ్గించి, "ఆంటీ, మీరు ఎవరికన్న చెప్తే నన్ను ఖాళీ చేయమంటరు. కాలేజీకి దగ్గర ఇంత తక్కువకి రూమ్ దొరకదు. ప్లీజ్" అంది.

నేను చెప్పాను. బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి చెప్పాను, ఆ పిల్ల తిట్టుకున్నా సరేనని. వాళ్ళ క్యూ పొడుగు, వాళ్ళూ అక్టోబరే అన్నారు. సత్యం గారిని నిలబెట్టి, ఆ గోడ పగలగొట్టించు బాబూ అని చెప్పాను. "తప్పకుండా అండీ, డాలస్‌లో మా బావమరిది పెళ్ళి ఉంది, వెళ్ళొచ్చి చేయిస్తా" అన్నాడు. అక్టోబరు దాకా ఆగమని వానకి చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

సెప్టెంబరులో ఒక తుఫాను కెరొలైనా దగ్గర తీరం దాటి, చచ్చిందనుకున్నది కాస్తా మా మీదికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆకాశం నల్లబడింది. గంట తిరక్కుండా బేస్‌బాల్ గ్రౌండు నిండింది, పార్కు అవతల ఇళ్ళు పొడిగా ఉన్నాయి. నన్ను మీటింగులో దులిపిన పెద్దమనిషి గొడుగు వేసుకుని వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. నేను టౌన్‌షిప్ ట్రక్కులో వీధులు తిరుగుతూ విల్లో లేన్‌కి వచ్చాను. అక్కడి స్వేల్ నది లాగే పారుతోంది, మట్టిదిబ్బ దాకా. అక్కడ ఆగి, కుంటలా పొంగి, మొత్తం సత్యం గారి పెరట్లోకి దొర్లుతోంది. బేస్‌మెంట్ మెట్లు కనబడటం లేదు. మెట్లున్న చోట గోధుమ రంగు నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

ట్రక్కులోంచి పార లాక్కుని పరిగెత్తాను. అప్పటికే దిబ్బ మీద జగన్మోహన్ గారు నిలబడి ఉన్నారు, గొడుగు లేకుండా, మందార మొక్కల మధ్య.

"జరగండి! మట్టి తీయాలి!"

"అక్టోబరు దాకా టైముంది కదండీ!" అన్నారాయన. మనిషికి పిచ్చెక్కిందా అనిపించింది.

"లోపల పిల్ల ఉందండీ! దేదీప్య!"

ఆ సంగతి ఆయనకి తెలుసు. కానీ కదల్లేదు. "ఫైర్ వాళ్ళు వస్తారు. 911కి చేశాను. వస్తున్నామన్నారు."

వాళ్ళు హైవే మీద మునిగిన కార్ల దగ్గర ఉన్నారని నా రేడియోలో వింటూనే ఉన్నాను. అంతలో వెనక తలుపు తీసుకుని జయంతి వచ్చింది, నైటీ మీద రెయిన్‌కోటు వేసుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి పట్టుకుని. అందులోంచి దేదీప్య గొంతు వినబడింది.

"ఆంటీ, మంచం ఎక్కిన. తలుపు కిందికెళ్ళి ఆగకుండ వస్తున్నయ్. తలుపు ఉబ్బినట్టున్నది. కరెంటు పోయింది. నాకు భయమైతున్నది ఆంటీ."

"తలుపు ముట్టుకోకమ్మా, తీయకు! మేమిక్కడే ఉన్నాం" అని అరిచి జయంతి మా వైపు తిరిగింది. "ఏం చెయ్యాలి అనురాధ గారూ?"

"ఈ మట్టికి గండి కొడితే నీళ్ళు వాగులోకి పోతాయి. మెట్ల గుంటలో మట్టం దిగుతుంది."

"మరి నిలబడ్డారేం? ఏమండీ, జరగండి!"

"వద్దు జయంతీ."

"అక్కడ పిల్ల మునిగిపోతుంటే మందార మొక్కలేంటండీ మీకు!"

"మొక్కలు కాదే!" అని ఆయన గొంతు చించుకుని అరిచారు. "అది తీస్తే నువ్వు నాకు దక్కవు!"

జయంతి దిబ్బని చూసింది, ఇంటి గోడని చూసింది, మళ్ళీ దిబ్బని చూసింది. తెలుగింటి ఆడది, లెక్క కట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నైరుతా?" అంది.

ఆయన తల ఊపారు. ఆమె నవ్వలేదు, భయపడనూ లేదు. నా దగ్గరికి వచ్చి చేతిలో పార లాక్కుంది.

"నా ప్రాణం కోసం పోసిన మట్టే కదా, నేను తీస్తాను. రేపు నాకేమైనా అయితే ఎవరినీ అనక్కర్లేదు. ఆ పిల్ల నీళ్ళలో ఉండగా నేను పచ్చగా బతికి ఎవరికి ముఖం చూపించను?"

ఆపరేషన్ అయిన వైపు చేత్తో పాల గ్యాలన్ కూడా ఎత్తకూడదని డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. ఆమె పార ఎత్తి ఒక దెబ్బ వేసింది. ఇంకోటి వేసింది. మూడోసారి చెయ్యి లేవలేదు. పళ్ళు బిగించి ఎడమ చేత్తో లేపబోయింది. పార జారి బురదలో పడింది. అది తీసుకోవడానికి నేను వంగేలోపు జగన్మోహన్ గారు దిబ్బ దిగి వచ్చి అందుకున్నారు.

ఆయన ఏడుస్తూ తవ్వారు. దాచుకోలేదు, తుడుచుకోలేదు. రాళ్ళు దొర్లించి, మొక్కలు వేళ్ళతో సహా పీకి అవతల పడేసి, పూనకం వచ్చినవాడిలా తవ్వారు. నేను చేతులతో మట్టి లాగాను. మొదట సన్నగా ఒక పాయ కదిలింది, ఆ పాయే మిగిలిన మట్టిని కోసుకుంటూ పోయింది. కాసేపటికి మేము తవ్వాల్సిన పని లేకపోయింది. స్వేల్‌లో నీళ్ళు తమ దారిన వాగు వైపు ఉరికాయి. సత్యం గారి పెరట్లో మట్టం దిగింది, మెట్ల అంచు బయటపడింది, తర్వాత పై మెట్టు. ఫైర్ వాళ్ళు వచ్చి మిగిలిన నీళ్ళు తోడి తలుపు తీసేసరికి దేదీప్య మోకాళ్ళ పైదాకా నీళ్ళలో నిలబడి ఉంది, లాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని. బయటికి రాగానే జయంతిని వాటేసుకుని బావురుమంది.

ఆ సాయంత్రమే జయంతి ఆ పిల్లని తమ ఇంట్లో పై గదిలోకి మార్చింది. సత్యం గారు డాలస్ నుంచి ఫోన్ చేసి అద్దె సంగతి అడగబోతే, "ముందు ఆ గోడ సంగతి చూడవయ్యా" అని పెట్టేసిందట. అక్టోబరులో హియరింగ్ జరగలేదు. అప్పీలు వెనక్కి తీసుకున్నామని చెప్పారు.

జనవరిలో గుడిలో ఎవరో చెప్పారు, జయంతికి జబ్బు తిరగబెట్టిందని. ఈసారి ఎముకల్లోకి వచ్చిందని.

ప్రసాదం చేతిలో ఉంది, తినబుద్ధి కాలేదు. డాక్టర్లు ఇలాంటివి ముందే చెబుతారు, తిరిగి రావచ్చని వాళ్ళకీ చెప్పారు. ఆ మట్టికీ దీనికీ సంబంధం లేదు. ఇదంతా నాకు తెలుసు. అయినా కారులో కూర్చుని ఏడ్చాను. ఆ పార నా ట్రక్కులోంచి తెచ్చిందే కదా.

తర్వాత వాళ్ళింటికి రెండుసార్లు భోజనం పంపాను, నేను మాత్రం వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. ఆ దిబ్బ మళ్ళీ లేచి ఉంటుందని నాకు గట్టిగా అనిపించేది. మొదటిసారి కన్నా ఎత్తుగా లేచి ఉంటుంది. ఆయన స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు. లేచి ఉంటే నోటీసు రాయడం నా ఉద్యోగం, రాయగలనని నాకు నమ్మకం లేదు.

ఏప్రిల్‌లో పెద్ద వాన పడింది. స్వేళ్ళన్నీ చూసి రమ్మని ఆఫీసులో చెప్పారు. విల్లో లేన్‌ని చిట్టచివరికి పెట్టుకుని, ఇక తప్పక వెళ్ళాను. పెరటి గేటు తీసి తల ఎత్తి చూశాను.

దిబ్బ లేదు. స్వేల్ నున్నగా, పచ్చగడ్డితో, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉంది. జగన్మోహన్ గారు రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో రేక్‌తో, నీళ్ళకి అడ్డంపడిన ఆకులూ పుల్లలూ లాగుతున్నారు. మనిషి సగమయ్యారు. నన్ను చూసి తల పంకించారు.

"వాన పడ్డప్పుడల్లా అడుగుతుందండీ, నీళ్ళు పోతున్నాయా అని. ఊరికే అవునంటే నమ్మదు. అదిగో, మంచం అక్కడికి జరిపించుకుంది."

పై కిటికీలో జయంతి కనబడింది, తలకి స్కార్ఫ్ కట్టుకుని. పక్కన దేదీప్య ఆమె వీపు వెనక దిండు సర్దుతోంది.

నేను అడగకుండా ఉండాల్సింది. నా నోరు ఊరుకోదు. "మీరు ఇంకా అది నమ్ముతున్నారా?" అన్నాను.

"నమ్ముతున్నానండీ" అన్నారాయన.

వంగి, గడ్డిలో చిక్కుకున్న కొమ్మ ఒకటి పీకి అవతల పారేశారు. ఆగిన నీళ్ళు కదిలాయి. ఆయన నిటారుగా నిలబడి, కిటికీ వైపు చెయ్యెత్తి, వానలో వినబడేలా కేకేశారు.

"పోతున్నాయే! బాగా పోతున్నాయి!"